కౌంటీని జిల్లా అనవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి సిడ్నీ దగ్గర పరమట్టాలో ఇల్లు కొన్నాడు. కాగితాల్లో ‘పారిష్ సెయింట్ జాన్, కౌంటీ కంబర్లాండ్’ అని ఉంది. పాత పటంలో ‘హండ్రెడ్’ అని ఇంకో మాట కనిపించింది. వీటిని గ్రామం, జిల్లా, మండలం అనుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: జిల్లా అనగానే మనకు కలెక్టరు, కచేరీ గుర్తుకొస్తాయి. కంబర్లాండ్ అలాంటిది కాదు, ముఖ్యంగా భూమి ఆనవాలుకు పనికొచ్చే విభాగం. 1788 జూన్ 4న, రాజుగారి పుట్టినరోజున, అక్కడి బ్రిటిష్ వలసకు మొదటి గవర్నరైన ఫిలిప్ దానికి పేరు పెట్టాడు. ఉత్తరాన బ్రోకెన్ బే, దక్షిణాన బాటనీ బే, పడమట కొండలు హద్దులన్నాడు. ఆ కొండలను ఆయన మనుషులు అప్పటికి దూరం నుంచి చూశారంతే. అక్కడి ఆదివాసులైన దరుగ్ ప్రజలు ఆ నేలకు ఎప్పుడో పేర్లు పెట్టుకున్నారు. ‘పరమట్టా’ వాళ్ల మాటే.

పారిష్ అంటే ఇంగ్లండులో ఒక చర్చి కిందికి వచ్చే ఊరు. ఇక్కడ భూమి రికార్డులో ఒక గడి, అంతే.

అసలు సంగతి ‘హండ్రెడ్’. దీన్ని చూసి ‘వంద ఎకరాలు’ అని రాసేవారున్నారు. నిఘంటువు తెరిచే ఓపిక కూడా లేకపోతే ఎలాగండీ! పాత ఇంగ్లండులో ఒక కుటుంబం బతకడానికి చాలినంత నేలను ‘హైడ్’ అనేవారు. అలాంటివి వంద కలిస్తే హండ్రెడ్ అని ఎక్కువమంది చెప్పే మాట. నేలను అంకెతో పిలవడం మనకు కొత్తా? రేనాడు ఏడువేలు, వెలనాడు ఆరువేలు అని మన శాసనాలే అన్నాయి. వెలనాటి ప్రభువులకైతే తమ సీమ ‘షట్సహస్రం’, అంటే ఆరువేలు. మీ తెనాలి ఉన్నది ఆ చుట్టుపక్కలే! ఆ వేలు ఊళ్ల లెక్కా, పన్నుల లెక్కా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. ఏదైనా, కొన్నాళ్లకు లెక్క చెరిగిపోయి అంకె ఒక్కటే పేరుగా మిగిలింది. హండ్రెడ్‌కూ అదే జరిగింది.

జిల్లా అన్నదీ మన మాట కాదు, అరబ్బీ నుంచి వచ్చింది. అక్కడ దాని మొదటి అర్థం పక్కటెముక.

కాబట్టి దస్తావేజులో కౌంటీ, పారిష్ అని ఉన్నవి ఉన్నట్టే రాయండి, పత్రంలో పేరు మార్చకూడదు. వ్యాసంలోనైతే కౌంటీని ‘సీమ’ అంటే నాకు అభ్యంతరం లేదు. హండ్రెడ్‌కు ‘నూరునాడు’ అనాలని నా మనసు లాగుతోంది గాని, పదిమందీ ఒప్పుకునేదాకా గట్టిగా చెప్పలేను.