చుక్క పోయిన ‘ప్రథమ’

తెలుగు రాతలో బాగా చిరాకు తెప్పించే అక్షరదోషాలు, వ్యాకరణ దోషాలు ఏవి అని అడిగారు. నేను విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న ప్రెస్సులో 11 ఏళ్లు డీటీపీ, అంటే అచ్చు వేయాల్సిన విషయాన్ని కంప్యూటర్‌లో టైపు చేసి పేర్చే పని, చేశాను. పెళ్లి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, దసరాకి ఫ్లెక్సీలు. ఇక ఎన్నికలొస్తే అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. ఇప్పుడు గుంటూరులో ఇంటి దగ్గరే ప్రూఫులు, అంటే అచ్చుకి ముందు తప్పులు చూసుకోవడానికి తీసే నమూనాలు, దిద్దుతున్నాను. నా బాధంతా ముందుగా ఒక్క అక్షరం గురించి. అది థ.

ద కింద గీత పెడితే ధ. ఆ ధ పొట్టలో చుక్క పెడితే థ. తేడా అంతే. మాట్లాడేటప్పుడు మనలో చాలామంది కథని ‘కధ’ అనే పలుకుతాం కాబట్టి చెవికి ఈ తప్పు దొరకదు, కంటితో పట్టుకోవాల్సిందే. ప్రెస్సులో చేరిన రెండో ఏడు నాకు ఇది బాగా తెలిసొచ్చింది.

తెనాలి దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. భార్య పోయి ఏడాది కావస్తోంది, 150 కార్డులు కావాలన్నారు. విషయమంతా రూళ్ల కాగితం మీద గుండ్రటి దస్తూరీతో రాసుకొచ్చారు. ఆ రోజు పని ఒత్తిడిలో ఆయనకి ప్రూఫ్ చూపించకుండానే వేసేశాం. మర్నాడు కట్ట విప్పి, పై కార్డు చేతిలోకి తీసుకుని, చాలాసేపు ఏమీ అనలేదు. పైన పెద్దక్షరాల్లో ‘ప్రధమ వర్ధంతి’ అని ఉంది. ఆయన రాసిచ్చిన కాగితంలో చుక్క స్పష్టంగా ఉంది. టైపు చేసింది నేనే.

“మళ్లీ వేసిస్తాం మాస్టారూ, డబ్బులేమీ ఇవ్వక్కర్లేదు” అన్నాను. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ. “వద్దమ్మా, కాగితం దండగ. నల్ల పెన్నుంటే ఇలా ఇవ్వు” అన్నారు. గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని, ఒక్కో కార్డూ తీసి, ధ పొట్టలో చుక్క పెట్టి, సిరా ఆరేదాకా పక్కన పరిచి, మళ్లీ పేర్చుకున్నారు. సగం పని నేను చేస్తానంటే ఒప్పుకోలేదు. “పెళ్లయ్యేనాటికి ఆవిడకి చదువు రాదు. అక్షరాలు నేనే దిద్దించాను. ఈ పని నన్ను చేసుకోనీ” అన్నారు. దాదాపు గంటన్నర పట్టింది.

వెళ్లేముందు నాకొక మాట చెప్పారు. “ప్రథమకి చుక్క ఉంది, వర్ధంతికి లేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, చూసుకో తల్లీ.” అప్పటినుంచి ఏ ప్రూఫ్ వచ్చినా ముందు ఒక్కసారి థ, ధల కోసమే చదువుతాను. మిగతావన్నీ ఆ తర్వాతే.

అర్థం, అర్ధం విషయంలోనూ ఇదే గొడవ. అర్ధం అంటే సగం. అర్ధరాత్రి, అర్ధగంట, అర్ధశతాబ్ది, వీటిలో ధ. భావం అనే మాటకైతే అర్థం. కోరడం అనే భావం ఉన్నచోట కూడా థయే వస్తుంది. విద్యను అర్థించేవాడు విద్యార్థి. అలాగే ప్రార్థన, అభ్యర్థి. ఒక బడి గోడ మీద ‘మద్యాహ్న బోజన పధకం’ అని రంగులతో రాసి ఉండటం చూశాను. మూడు మాటలు, మూడూ తప్పే. మధ్యకి ఒత్తు తీసేస్తే మద్యం అవుతుంది, అదీ పిల్లలు రోజూ చదివే గోడ మీద. ఆ పెయింటర్ మీద నాకు కోపం లేదు. ఆయన చేతికిచ్చిన కాగితంలో ఏముంటే అది రాశాడు. కాగితం ఇచ్చినవాళ్లు, రోజూ ఆ గోడ ముందు నుంచి నడిచి వెళ్లే పెద్దవాళ్లు ఏం చేస్తున్నారన్నదే నా బాధ.

ఇంకో రకం తప్పు ఉంది, గొప్పగా ఉంటుందనుకుని చేసేది. ‘అశృనివాళి’, ‘ధృవీకరణ పత్రం’, ‘శృతి’. ఇవి అశ్రునివాళి, ధ్రువీకరణ, శ్రుతి అని ఉండాలి. మనం ఋని రు అనే పలుకుతాం కాబట్టి ఏది ఎక్కడో తేలదు. నాకు పనికొచ్చిన కిటుకు ఒకటి చెబుతాను. అదే మాటను హిందీవాళ్లు ఎలా అంటారో గుర్తు తెచ్చుకోండి. వాళ్లు క్రిష్ణ, అమ్రిత్, హ్రిదయ్ అంటారు. అలా రి వినపడితే మనం కృష్ణ, అమృతం, హృదయం అని రాయాలి. ధ్రువ్, అశ్రు, శత్రు అని రు వినపడితే మనకీ రు వత్తే. ఇది తెలిశాక నేను నిఘంటువు తెరవాల్సిన అవసరం సగానికి సగం తగ్గింది.

పెళ్లి పత్రికల్లో మొదటి మాటే తప్పు పడుతుంది, ‘ఆవ్హానం’ అని. హ పైన, వ కింద ఉండాలి: ఆహ్వానం. మధ్యాహ్నం, చిహ్నం కూడా అంతే, హ కింద న. ఇక ‘ముహుర్తం’. పంతులుగారు గంటలు, నిమిషాలతో సహా లెక్కగట్టి పెట్టిస్తే, మనం హూకి దీర్ఘం తీసేసి అచ్చు వేయిస్తాం.

దసరా వస్తే బెజవాడ నిండా ఫ్లెక్సీలే. వాటిలో ‘శరన్ నవరాత్రులు’, ‘శరణ్ణవరాత్రులు’ అని కనిపిస్తాయి. శరత్, నవరాత్రులు కలిస్తే శరన్నవరాత్రులు. జగత్, నాథుడు కలిసి జగన్నాథుడు అయినట్టే. అంటే శరదృతువులో వచ్చే తొమ్మిది రాత్రులు. శరణు కోరడానికీ దీనికీ సంబంధం లేదు. ‘ఇంద్రకీలాద్రి కొండ’ అని కూడా రాస్తారు. అద్రి అంటేనే కొండ. అమ్మవారి కొండ అంటే సరిపోతుంది, వినడానికి అదే చల్లగా ఉంటుంది.

వ్యాకరణంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ‘చేయడం జరిగింది’. ‘రోడ్డు వేయడం జరిగింది’, ‘దరఖాస్తులు తిరస్కరించడం జరిగింది’. ఎవరు వేశారు? ఎవరు తిరస్కరించారు? తెలుగు క్రియలోనే కర్త ఉంటాడు. వేశాను, వేశాం, వేశారు అంటే మనిషి కనపడతాడు. జరిగింది అనేసరికి మనిషి మాయమై, పని దానంతటదే అయిపోయినట్టు ఉంటుంది. ఆఫీసు కాగితాల్లో పుట్టిన ఈ అలవాటు ఇప్పుడు ఇంటి మాటల్లోకీ వచ్చేసింది. మొన్న మా బంధువుల అబ్బాయి ఫోన్ చేసి “అత్తా, మాకు బాబు పుట్టడం జరిగింది” అన్నాడు. పుట్టాడు అంటే ఎంత ముద్దుగా ఉండేది! ‘ప్రతి గ్రామాల్లో’ అనేది కూడా బాగా కనిపిస్తోంది. ప్రతి తర్వాత ఏకవచనమే, ప్రతి గ్రామంలో.

అన్నిటికీ చిరాకు పడకూడదు. వెళ్లాడు, వెళ్ళాడు రెండూ చెల్లుతాయి. రాయడం, వ్రాయడం కూడా. కల్యాణం సంస్కృతంలో ల అయినా, కళ్యాణం జనం చేతుల్లో స్థిరపడింది, దాన్ని నేను దిద్దను. మనిషి యాసని తప్పు కింద లెక్కకట్టడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. పల్నాటి రైతు మాటతీరు ఆయనది. జనం మాట్లాడే భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి గారు అంత పోరాడింది అందుకే కదా. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న ‘తెలుగు బాషా దినోత్సవం’ అని ఒత్తు లేని ఫ్లెక్సీ కనిపిస్తే మాత్రం మనసు కలుక్కుమంటుంది. అది యాస కాదు, చూసుకోకపోవడం.

ఎవరికైనా తప్పు చెప్పాలంటే గ్రూపులో అందరి ముందూ చెప్పను. విడిగా ఫోన్ చేస్తాను, వీలైతే అచ్చుకి వెళ్లకముందే.

పత్రికలు వేయించుకునేవాళ్లకి ఒక మాట. ప్రూఫ్‌ని ఫోన్‌లో చూసి ఓకే అని పెట్టేయకండి, థలో చుక్క ఆ తెర మీద సరిగ్గా కనపడదు. కాగితం మీద తీయించుకోండి. చివరి మాట నుంచి మొదలుపెట్టి వెనక్కి చదవండి, అప్పుడు కన్ను భావం వెంట పరుగెత్తకుండా అక్షరం దగ్గర ఆగుతుంది. పేర్లు, తేదీ, ఫంక్షన్ హాలు పేరు ఎలాగూ అందరూ చూస్తారు. పైన అన్నిటికన్నా పెద్దగా ఉన్న మాటను మాత్రం రెండుసార్లు చూడండి. పెద్దక్షరాల్లో తప్పుంటుందని ఎవరూ అనుకోరు, ఆ రోజు నేనూ అనుకోలేదు.