సెటప్ కొనే ముందు ఇది చదువు చిన్నీ

చిన్నీ,

పరీక్షలు అయిపోగానే ఏడాది పాటు ఉద్యోగం ఊసెత్తకుండా, టీమ్‌తో కలిసి బెంగళూరులో ఉండి కౌంటర్‌స్ట్రైక్, అదే ఆ తుపాకుల కంప్యూటర్ ఆట, ఆడతానంటున్నావని మీ అమ్మ చెప్పింది. చెప్తున్నంతసేపూ కంగారు పడుతూనే, మధ్యలో ఆగి "అంతమంది మగపిల్లల మీద ఆడి గెలిచిందట అక్కా" అంది. అది విని నాకెంత గర్వమనిపించిందో చెప్పలేను. ఆ వెంటనే ఇంకో మాట కూడా అంది. రాత్రిళ్లు కుడి మణికట్టుకు క్రేప్ బ్యాండేజ్ చుట్టుకుని ఆడుతున్నావట, స్టైపెండ్ డబ్బులతో మంచి కీబోర్డు, మౌస్ కొనుక్కుంటే అదే తగ్గిపోతుందన్నావట. ఇక రాయకుండా ఉండలేకపోయాను. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని వదిలేస్తావు, అందుకే టైప్ చేస్తున్నా, మొత్తం చదువు.

మామూలు సంగతులు ముందు. కుర్చీ ఎత్తు సరిచేసుకో, పాదాలు నేలకు ఆనాలి, మోచేతులు బల్ల ఎత్తులో ఉండాలి, భుజాలు బిగబట్టకు, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య లేచి తిరుగు. ఇవన్నీ నీకు తెలుసు, చెయ్యవంతే.

ఇప్పుడు ఆ బ్యాండేజ్ సంగతి.

నేను అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసే రోజులకి నువ్వింకా పుట్టలేదు. 2000 ప్రాంతంలో హైదరాబాద్‌లో ఆ పని జోరుగా నడిచేది. అమెరికాలో డాక్టర్లు పేషెంట్లను చూశాక నోటితో చెప్పిందంతా రికార్డయి మా దగ్గరికి వచ్చేది, మేం హెడ్‌ఫోన్స్‌లో వింటూ టైప్ చేసి టైముకు పంపాలి. డబ్బులు లైన్ల లెక్కన. 65 అక్షరాలైతే ఒక లైను. ఎన్ని లైన్లు కొడితే అంత చేతికొచ్చేది, అందుకని చెయ్యి నొస్తోందని ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

నా పక్క సీట్లో ఒకావిడ ఉండేది. ఆ ఫ్లోర్ మొత్తంలో ఆవిడంత వేగం ఎవరికీ లేదు. మొదట్లో బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కేవి, చెయ్యి విదిలించి మళ్లీ మొదలుపెట్టేది. తర్వాత నిద్రలో మెలకువ రావడం మొదలైంది, లేచి కూర్చుని కాసేపు చెయ్యి విదిలిస్తే గానీ మళ్లీ పడుకోలేకపోయేది. మెడికల్ షాపులో పట్టీ కొని గట్టిగా బిగించి కట్టుకుంది. కట్టుకున్నాక హాయిగా ఉందని చెప్పి, సంక్రాంతికి ఊరెళ్లే ముందు నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఇంకో షిఫ్టు కూడా ఒప్పుకుంది. అక్కడే తప్పు జరిగింది చిన్నీ. పట్టీ వల్ల నరానికి మేలు జరగలేదు, ఇంకాసేపు కొట్టగలననే ధైర్యం మాత్రం వచ్చింది.

ఒకరోజు రాత్రి ఆవిడకు ఆర్థో ఫైలొకటి వచ్చింది. మణికట్టులో నరం నలిగిన పేషెంటు, ఆపరేషన్ నోట్. అర్థం కాని మాట ఏదో ఉందని నాకూ ఒక ఇయర్‌ఫోన్ ఇచ్చింది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిర్లు, రాత్రిళ్లు ఎక్కువ, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది అని ఆ డాక్టరు వరసగా చెప్పుకుపోతున్నాడు. ఆవిడ ఒక్క అక్షరం పొల్లు పోకుండా కొట్టింది. అవన్నీ తన చేతికి ఉన్నవేనని ఆవిడకూ తెలుసు, పక్కన నాకూ తెలుసు. ఫైలు పంపించేసి తర్వాతిది తెరిచింది.

కొన్ని నెలలకు జాకెట్ హుక్కులు పెట్టుకోవడం కష్టమైంది. టీ గ్లాసు వేళ్లలోంచి జారిపోయేది, కిందపడ్డ చప్పుడు వినిపించాకే జారిందని తెలిసేది. అప్పుడు నరాల పరీక్ష చేయించారు, ఆపరేషన్ అయింది. రాత్రి తిమ్మిర్లయితే పోయాయి గానీ బొటనవేలి మొదట్లో ఉండే కండ అప్పటికే కరిగిపోయింది, ఆ బలం మళ్లీ రాలేదు. ఆ పని మానేసింది. నీ వేగం గురించి మీ అమ్మ మురిసిపోతూ చెప్తుంటే నాకు ఆవిడ చెయ్యే కళ్లముందు కనబడింది. అందుకే కోప్పడుతున్నాను, ఏమనుకోకు తల్లీ.

మణికట్టు లోపల ఒక ఇరుకు దారి ఉంటుంది. అందులోంచి వేళ్లను ముడిచే టెండన్లు, అంటే కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి, 9, వాటితో పాటు ఒక నరం వెళ్తాయి. టెండన్లు వాచినా, మణికట్టు పైకో కిందికో వంచి గంటలకొద్దీ ఉంచినా నలిగేది ఆ నరమే. మీద నుంచి బ్యాండేజ్ బిగిస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. డాక్టరు ఇచ్చే స్ప్లింట్ సంగతి వేరు, నిద్రలో మణికట్టు వంగకుండా తిన్నగా ఉంచడానికి అది, కట్టుకుని మ్యాచ్ ఆడటానికి కాదు. కాబట్టి ముందు డాక్టరు, తర్వాత షాపు. నీకు తిమ్మిరి చిటికెన వేలివైపు ఉంటే అది వేరే నరం, గట్టి బల్ల అంచుమీద మోచెయ్యి ఆనించి కూర్చోవడం వల్ల కావచ్చు. బొటనవేలి మొదట్లో పోటు ఉంటే ఫోను, గేమ్‌ప్యాడ్ ఎక్కువై ఉండొచ్చు. ఎక్కడ ఏ వేలికో నువ్వు సరిగ్గా చెప్పకపోతే డాక్టరైనా ఏం చేస్తాడు?

సరే, డాక్టరు పర్వాలేదన్నాడనుకో. అప్పుడు కొనుక్కో, తప్పకుండా కొనుక్కో. మంచి పరికరం మీద పెట్టిన డబ్బు దండగని నేను అనను.

మౌస్ ముందు. నీది మీ అమ్మ చెయ్యి, చిన్నది, మగపిల్లలు వాడే పెద్ద మౌస్ పట్టుకుంటే వేళ్లు చాచిపెట్టి బిగబట్టాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి చేత్తో పట్టుకుని చూశాకే కొను, రివ్యూలు చూసి ఆర్డర్ పెట్టకు. ఆటకి 60 గ్రాముల దగ్గర్లో ఉండే తేలికపాటిది తీసుకో, కాలేజీ ప్రాజెక్టుకీ మిగతా పనికీ మాత్రం వేరేది ఉంచుకో. నిలువుగా ఉండే వర్టికల్ మౌస్ అయితే ముంజేయి మెలి తిరగదు, లాజిటెక్ ఎంఎక్స్ వర్టికల్ వాలు 57 డిగ్రీలు. నేను వాడేది ట్రాక్‌బాల్, మౌస్ కదలదు, బంతి ఒక్కటే తిరుగుతుంది. అందులో బొటనవేలితో తిప్పేవి ఉన్నాయి, మిగతా వేళ్లతో తిప్పేవీ ఉన్నాయి, నాకు రెండో రకమే పడింది. గురిపెట్టి కాల్చే ఆటకి ఇవి నీకు పనికిరావేమో, పర్లేదు. రోజంతా చెయ్యి ఒకే భంగిమలో ఉండకపోవడమే నాకు కావలసింది. ఇంకోటి, సెన్సిటివిటీ, అంటే మౌస్ కాస్త కదిపితే తెరమీద ఎంత కదలాలన్నది, బాగా పెంచేసి మణికట్టు ఒక్కటే అటూ ఇటూ తిప్పుతూ ఆడుతున్నావేమో చూసుకో. మీ ఆటలో పెద్ద ఆటగాళ్లలో చాలామంది మౌస్ వేగాన్ని తక్కువగా, 400, 800 డీపీఐలో పెట్టుకుని, పెద్ద మ్యాట్ మీద మోచేతి నుంచి చెయ్యి మొత్తం కదిలిస్తారు. అదే మేలు.

కీబోర్డులో నంబర్ల భాగం లేనిది తీసుకో, మౌస్ దగ్గరికి వస్తుంది, కుడిచెయ్యి దూరంగా చాపాల్సిన పని ఉండదు. కీబోర్డు వెనకుండే చిన్న కాళ్లు మడిచేసెయ్. మీటల బరువు చూడు, చెర్రీ కంపెనీ రెడ్ స్విచ్ 45 గ్రాములకే పని చేస్తుంది, బ్లాక్ స్విచ్‌కి 60 కావాలి, రోజుకి వేలసార్లు నొక్కే వేలికి ఆ తేడా తెలుస్తుంది. రెండు ముక్కలుగా విడిపోయే కీబోర్డులూ ఉన్నాయి, ఆటప్పుడు ఎడమ ముక్క ఒక్కటీ బల్లమీద పెట్టుకుంటే చాలు. మణికట్టు కింద పెట్టే మెత్త ఉంటుంది చూడు, దాన్ని ఆగినప్పుడు మాత్రమే వాడు. ఆడుతూ దానిమీద బరువు వేస్తే సరిగ్గా ఆ నరం మీదే నొక్కుతున్నట్టు.

నీ ఎడమ చిటికెన వేలి గురించి ఎవరూ అడిగి ఉండరు. ఆటలో నడవడానికి షిఫ్ట్, కూర్చోవడానికి కంట్రోల్, రెండూ ఆ ఒక్క వేలే నొక్కి పట్టుకోవాలి కదా! మాకు షిఫ్ట్ తోనే ఆ వేలు వంకర పోయేది. వాటిలో ఒకటి మౌస్ పక్క బటన్‌కి మార్చుకో, పైసా ఖర్చు లేదు. అప్పటికీ బాధ ఉంటే ఎడమచేతికి విడిగా కీప్యాడ్‌లున్నాయి. రేజర్ టార్టరస్ ఒకటి, లాట్వియాలో చేసే అజెరాన్ ఇంకోటి. అజెరాన్‌లో ఏ వేలి మీటలు ఆ వేలి పొడవుకి జరుపుకోవచ్చు, నడకంతా బొటనవేలి కింద స్టిక్‌తో. కాకపోతే చేతికి అలవాటు పడటానికి వారాలు పడుతుంది, టోర్నమెంట్ ముందు మాత్రం మొదలుపెట్టకు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది కాలి పెడల్. ట్రాన్స్‌క్రిప్షన్‌లో ఆడియో ఆపడం, వెనక్కి తిప్పడం అంతా కాలితోనే, చేతులు కీబోర్డు మీంచి తీసే పనే లేదు. ఇప్పుడు యూఎస్‌బీవి దొరుకుతున్నాయి, ఒక మీటకు బదులు పెట్టుకోవచ్చు. టీమ్‌తో మాట్లాడటానికి నొక్కి పట్టుకునే మీట ఉంటుందన్నావే, అది కాలికి ఇచ్చెయ్. మడమ నేలమీదే ఉంచి ముందు పాదంతో నొక్కు, రెండు రోజుల్లో అలవాటవుతుంది.

మాకు ఇంకో సౌకర్యం ఉండేది, రెండక్షరాలు కొడితే వాక్యం మొత్తం వచ్చేసే సాఫ్ట్‌వేర్. చేతులకి అది ఎంత సుఖమో! నీ ఆటలో అలాంటిది కుదరదు, ఇది బాగా గుర్తుపెట్టుకో. 2024 ఆగస్టులో ఆ ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ వాళ్లు కౌంటర్‌స్ట్రైక్ 2లో ఒక మీటతో రెండు కదలికలు చేయించే బైండ్‌లనీ (మీటకి పని అప్పజెప్పే సెట్టింగులు), కదలికల్ని తనంతట తనే సరిచేసే కొత్త కీబోర్డు ఫీచర్లనీ ఇక అనుమతించేది లేదన్నారు, తమ సర్వర్లలో కనిపెడితే మ్యాచ్ నుంచి బయటకు పంపేస్తారు. సౌకర్యం కోసమే పెట్టుకున్నానని చెప్పినా వినరు. ఒక మీట, ఒక పని. అంతవరకే ఉండు. బయటి పోటీలకి వెళ్లేటప్పుడు పెడల్, కీప్యాడ్ తెచ్చుకోవచ్చో లేదో నిర్వాహకుల్ని ముందే రాతపూర్వకంగా అడుగు. అక్కడి కంప్యూటర్లలో నీ సాఫ్ట్‌వేర్ వేసుకోనివ్వకపోవచ్చు, సెట్టింగులు పరికరంలోనే సేవ్ అయ్యేవి కొనడం అందుకే.

ఇక నాకు బాధేసిన మాట. వర్టికల్ మౌస్ బల్లమీద కనబడితే టీమ్‌లో వాళ్లు నవ్వుతారన్నావట. నవ్వనీ. మైక్ బీగమ్ అని అమెరికాలో ఒకతను ఉండేవాడు, ఆటల్లో పేరు బ్రోలీలెగ్స్. పుట్టుకతోనే చేతులూ కాళ్లూ కదలని జబ్బు. కంట్రోలర్‌ని ముఖానికి ఆనించుకుని నోటితో స్ట్రీట్ ఫైటర్ అనే కొట్లాట ఆట ఆడేవాడు, అదీ పోటీల్లో, చున్‌లీ అనే పాత్రతో. 2023లో పోయాడు. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2018లో అడాప్టివ్ కంట్రోలర్ అని తెచ్చారు, పైన రెండు పెద్ద బటన్లు, వెనక 19 జాక్‌లు, పెడలో బటనో మోచేతికి తగిలే స్విచ్చో ఎవరికి ఏది వీలైతే అది తగిలించుకోవచ్చు, కంప్యూటర్‌కీ పనిచేస్తుంది. ఇవన్నీ ఉన్న లోకంలో నువ్వు ఒక మౌస్‌కి సిగ్గుపడతావా? చెయ్యి నీది. రాత్రి నొప్పి పుడితే లేచి కూర్చునేది నువ్వు, వాళ్లు కాదు.

ఆగితే స్థానం పోతుందని భయపడుతున్నావు, నాకు తెలుసు. డోటా 2 అనే ఇంకో కంప్యూటర్ ఆటలో ఫియర్ అనే ఆటగాడి సంగతి చదివాను. మోచేతి నొప్పి వల్ల 2014లో ఆ ఆటకి జరిగే పెద్ద టోర్నమెంట్ ఇంటర్నేషనల్‌లో ఆడలేకపోయాడు, టీమ్‌తో కోచ్‌గా వెళ్లాడు. తర్వాతి ఏడాది అదే టీమ్‌తో తిరిగొచ్చి అదే టోర్నమెంట్ గెలిచాడు. ఆ ఏడాది నొప్పితోనే ఆడి ఉంటే ఏమయ్యేదో ఆలోచించు.

మీ నాన్న భయం వేరు. ఆయనకు ఆన్‌లైన్ గేమ్ అంటే పేకాట డబ్బులే గుర్తొస్తాయి. 2025లో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది, నువ్వాడేలాంటి పోటీ ఆటల్ని, ఈ-స్పోర్ట్స్‌ని, మాత్రం గుర్తించింది, రెండూ ఒకటి కావని నేను చెప్పాను. మొదట వినలేదు. చివరికి "అయితే చేతికేమైనా అయితే ఎవరు చూస్తారు" అన్నాడు. ఏడాదికి ఆయన్ని ఒప్పించే పూచీ నాది. చెయ్యి విషయంలో నువ్వు నాకు అబద్ధం చెప్పనంతవరకే సుమా.

ఈ శనివారం డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను. అక్కడి నుంచి అటే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్దాం, నీ పాత మౌస్ కూడా తీసుకురా, చేతిలో ఎలా పడుతోందో షాపతనికి చూపిద్దాం. పెడల్ నేను కొనిస్తా, స్టైపెండ్ డబ్బులు మిగతావాటికి ఉంచుకో.

ఈలోగా ఒక్కదానికి జవాబు రాయి. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? వస్తుంటే ఏ వేళ్లు?

మీ పెద్దమ్మ