గుల్‌మార్గ్ కాకుండా ఔలి?

ప్రశ్న: గుల్‌మార్గ్ రద్దీ వద్దనుకుంటున్నాం. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో స్కీయింగ్ కొత్తగా నేర్చుకోవచ్చా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: హాయిగా నేర్చుకోవచ్చు. జనవరి చివర, ఫిబ్రవరిలో మంచు దొరికే అవకాశం ఎక్కువ. అయినా బయల్దేరే ముందు బస చేసేచోటికి ఫోన్ చేసి కనుక్కోండి. రిషికేశ్ నుంచి ఔలికి దిగువనున్న జోషీమఠ్ పట్టణానికి సుమారు 250 కిలోమీటర్ల కొండదారి, తెల్లవారుజామునే కదలాలి. ఆ రాత్రి అక్కడే ఆగితే ఎత్తుకు ఒళ్లు అలవాటు పడుతుంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగినప్పుడు అక్కడి నుంచి ఔలికి వెళ్లే రోప్‌వే ఆపేశారు. దాన్ని నమ్ముకోకుండా పైకి జీపులో వెళ్లేలా చూసుకోండి.

ఎక్కువమంది పొరబడేది స్కీ బూట్ల దగ్గరే. చలికని రెండు జతల సాక్సులు తొడుగుతారు. పాదం బిగిసి, రక్తం ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. పొడవాటి ఉన్ని సాక్సులు ఒక్క జత చాలు. కాటన్‌వి వద్దేవద్దు, చెమటకు తడిస్తే ఆరవు. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందుభాగానికి తగలాలి, మోకాళ్లు వంచగానే కాస్త వెనక్కి జరగాలి. మడమ పైకి లేస్తోందంటే సైజు పెద్దదైనట్టే, మార్పించుకోండి.

వాలు ఎక్కే ముందు ఆగడం నేర్చుకోండి. స్కీల (బూట్లకు బిగించే పొడవాటి పలకల) ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి లోపలి అంచులను మంచులోకి నొక్కాలి. భయంతో వెనక్కి వాలితే స్కీలు అదుపు తప్పుతాయి. నల్ల కళ్లద్దాలు తప్పనిసరి.