ఐదు డాలర్ల కాఫీని రూపాయల్లోకి మార్చకు తమ్ముడూ

సందేహం: అన్నయ్యా, నేను మెల్‌బోర్న్ వచ్చి మూడు నెలలైంది. మా ఆఫీసులో అందరూ రోజూ పదింటికి కాఫీకి కిందికి వెళ్తారు. ఒక్క కాఫీ ఐదున్నర డాలర్లు, అంటే మన డబ్బుల్లో మూడు వందల పైమాటే. ఏదో ఒక పని ఉందని చెప్పి తప్పించుకుంటున్నాను. డిసెంబరు సెలవుల్లో మాత్రం ఒక్కణ్నే ఇటలీ, వియన్నా చూసొద్దామని ఉంది. అక్కడి కెఫేల్లో పద్ధతులు ఎలా ఉంటాయో, ఖర్చు ఎంతవుతుందో చెప్తారా?

జవాబు: తమ్ముడూ, ఇటలీ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ పదింటి కాఫీ సంగతి మాట్లాడుకుందాం. నువ్వు ఇప్పుడు చేస్తున్న పనే నేను 2007లో ఎనిమిది నెలలు చేశాను. దానికి ఎంత మూల్యం చెల్లించానో నాకు తెలుసు.

మాది తెనాలి. వచ్చేటప్పుడు అమ్మ నా సూట్‌కేసులో ఇత్తడి ఫిల్టరు, చికోరీ కలిపిన కాఫీ పొడి రెండు కిలోలు సర్దింది. (తినే వస్తువుల్లో ఏవి తేవచ్చో, ఎలా డిక్లేర్ చెయ్యాలో ప్రభుత్వ సైట్‌లో ఉంటుంది, చూసుకో.) అప్పట్లో ఇక్కడి డాలరు 34, 35 రూపాయలు. ఫ్లాట్ వైట్ అనే పాల కాఫీ మూడు డాలర్లు. వంద రూపాయలు పోసి ఒక కాఫీయా అని ప్రాణం ఉసూరుమంది.

మొదటి వారం టీమ్ వాళ్లు రమ్మంటే వెళ్లాను. ఒకాయన "ఇవాళ నా షౌట్" అని అందరికీ ఆయనే కొన్నాడు. కొత్తగా వచ్చాను కదా, మర్యాద చేస్తున్నారు అనుకున్నాను. మర్నాడు ఇంకొకరు కొన్నారు, ఆ మర్నాడు మరొకరు. అలా నాలుగు రోజులు తాగాను. ఐదో రోజు కౌంటర్ దగ్గర అందరూ ఒక్క క్షణం ఆగారు. నేనూ ఆగాను. కాఫీ మిషను బుస్సుమంటూ ఆవిరి వదులుతోంది, కౌంటర్ వెనకున్న అమ్మాయి పెన్ను పట్టుకుని మా మొహాలు చూస్తోంది. మొదటి రోజు కొన్నాయనే మళ్లీ పర్సు తీశాడు. షౌట్ అంటే వంతు అని, ఆ రోజు వంతు నాదని నాకు తెలీదు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మన ఊళ్లో అయితే "ఏరా, ఇవాళ నువ్వు ఇప్పించు" అని జేబులో చెయ్యి పెట్టేవాళ్లు. ఇక్కడ అలా అడగరు. తర్వాతి వారం నుంచి పిలవడం తగ్గింది, నెల తిరిగేసరికి మానేశారు. పోన్లే, డబ్బులు మిగిలాయి అనుకున్నాను. రోజుకి మూడు డాలర్లు, ఎనిమిది నెలల్లో 160 పని రోజులు, మొత్తం 480 డాలర్లు మిగిల్చానని డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ 480 డాలర్లకి బదులుగా నాకు ఏం దక్కిందో విను. శుక్రవారం సాయంత్రం ఆఫీసు మెట్లు దిగితే మళ్లీ సోమవారం పొద్దున దాకా నా నోట్లోంచి మాట వచ్చేది కాదు, సూపర్ మార్కెట్‌లో చెప్పే థాంక్యూ తప్ప. జూన్, జూలై నెలలు ఇక్కడ చలికాలం, ఐదు దాటితే చీకటి. గదిలో కూచుని ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దిగడం వింటూ ఉండేవాణ్ని. ఒక్కో చుక్కా పడే చప్పుడు వినిపించేంత నిశ్శబ్దం. ఇంటికి ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అనేవాణ్ని. ఎనిమిదో నెలలో ఫ్లూ వచ్చి నాలుగు రోజులు లేవలేదు. నేను ఎందుకు రాలేదని అడగడానికి ఒక్క మనిషి కూడా ఫోన్ చెయ్యలేదు. నా నంబరు ఎవరి దగ్గరా లేదు మరి.

జ్వరం తగ్గి ఆఫీసుకి తిరిగి వెళ్లిన రోజున, రిటైర్మెంటుకి దగ్గరపడిన ఒక పెద్దాయన నన్ను చూసి ఆగాడు. గ్రీకు కుటుంబం వాళ్లది. "కిందికి రా" అని తీసుకెళ్లి, కాఫీ ఇప్పించి, ఈ షౌట్ సంగతంతా ఆయనే చెప్పాడు. వాళ్ల నాన్న ఓడ ఎక్కి ఈ ఊరొచ్చినప్పుడు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదట. పని ఎక్కడ దొరుకుతుందో, గది ఎక్కడ ఖాళీ ఉందో అన్నీ కాఫీ కొట్లోనే తెలిసేవట. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వచ్చిన ఇటాలియన్లు, గ్రీకులే ఈ ఊరికి కాఫీ అలవాటును ఇంతగా అంటించారు. బర్క్ స్ట్రీట్‌లో పెల్లెగ్రీనీస్ అని 1954లో పెట్టిన ఎస్ప్రెస్సో బార్ ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడు. ఆ కౌంటర్ ముందు ఎత్తు స్టూళ్ల మీద కూర్చుంటే పక్కవాడి మోచెయ్యి తగులుతుంది. అంత దగ్గరగా కూర్చున్నాక పలకరించకుండా ఉండడం కష్టం.

ఆ మర్నాడు నేను ఆరుగురికి షౌట్ చేశాను. చేతులు వణికాయి, నిజం చెప్తున్నాను. 18 డాలర్లు. ఆ వారమే ఒకడు నన్ను క్రికెట్ ఆడటానికి పిలిచాడు. నాకు ఇక్కడున్న స్నేహితుల్లో సగం మంది ఆ 18 డాలర్ల తర్వాత వచ్చినవాళ్లే.

కాబట్టి నువ్వు ముందు చెయ్యాల్సింది ఒక కెఫే పట్టుకోవడం. రోజూ అదే కెఫే, అదే టైము. డెగ్రేవ్స్ స్ట్రీట్ లాంటి సందుల్లో పదడుగులకొకటి ఉంటాయి, కానీ రోజుకొకటి తిరిగితే ఎక్కడా నీ మొహం గుర్తుండదు. పేరు అడిగితే సిగ్గుపడకుండా చెప్పు. నెల తిరిగేసరికి నువ్వు తలుపు తియ్యగానే నీ కాఫీ మొదలుపెడతారు. ఈ దేశంలో నన్ను అడక్కుండానే నాకేం కావాలో మొదట తెలుసుకున్నది ఒక బరిస్టా, అంటే కెఫేలో కాఫీ చేసే మనిషి. ఆ రోజు బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. 2008లో స్టార్‌బక్స్ ఈ దేశంలో తనకున్న 84 దుకాణాల్లో 61 ఒక్కసారే మూసేసిందంటే నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. ఇక్కడివాళ్లకి ఎవరి వీధిలో వాళ్ల కాఫీ మనిషి ఉంటాడు.

ఆర్డర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. షార్ట్ బ్లాక్ చవక కదా అని అడక్కు, ఉగ్గుగిన్నెలో పట్టేంత చేదు ఎస్ప్రెస్సో వస్తుంది. మన నాలుకకి ఫ్లాట్ వైట్ దగ్గర. మనకి పొగలు కక్కాలి కాబట్టి "ఎక్స్‌ట్రా హాట్" అని అడుగు, లేకపోతే పాలు 60, 65 డిగ్రీల దగ్గర ఆపేస్తారు. మధ్యాహ్నం మూడు, నాలుగుకల్లా చాలా కెఫేలు మూసేస్తారు. ఆదివారాలు, పండగ రోజులు బిల్లు మీద సర్‌ఛార్జి ఉండొచ్చు.

ఇక నీ ప్రయాణం. ఇటలీలో బార్ అంటే కాఫీ కొట్టే. నిలబడి తాగితే ఎస్ప్రెస్సో ఒకటి, ఒకటిన్నర యూరోల్లో వస్తుంది. కూర్చుంటే రేటు వేరు. ఇది తెలీక రోమ్‌లో ఒక చౌరస్తా పక్కన కుర్చీలో కూలబడి మూడింతలు కట్టాను. పైగా లాటే అడిగితే గ్లాసుడు పాలు తెచ్చిచ్చారు, వాళ్ల భాషలో ఆ మాటకి అర్థం అదే. చాలాచోట్ల ముందు క్యాష్ దగ్గర డబ్బులు కట్టి, చీటీ తెచ్చి కౌంటర్ మీద పెట్టాలి. ఒంటరిగా ఉన్నవాడికి నిలబడటమే మంచిది తమ్ముడూ. ఆ రెండు నిమిషాల్లో అటూ ఇటూ ఉన్నవాళ్లు "బోంజోర్నో" అంటారు. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఉండేది ఖాళీ కుర్చీయే.

వియన్నాలో లెక్క తిరగబడుతుంది. అక్కడ కూర్చోవాలి. 2011లో వాళ్లు కాఫీ హౌస్ సంస్కృతిని తమ దేశ యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చుకున్నారు. మెలాంజ్ అనే పాల కాఫీ అడిగితే చిన్న లోహపు ట్రేలో కప్పు, పక్కన మంచినీళ్ల గ్లాసు, ఆ గ్లాసు మీద బోర్లించిన చెంచా వస్తాయి. నేను మొదటిసారి పది నిమిషాల్లో తాగేసి, బల్ల ఖాళీ చెయ్యాలేమోనని గబగబా లేచి వచ్చేశాను. హోటల్ గదిలో పడుకుని గోడలు చూశాను. మర్నాడు మళ్లీ వెళ్లి గమనిస్తే, నా పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ ఒక్క కప్పుతో కర్ర పట్టీకి తగిలించిన పేపరు మొత్తం చదివింది. వెయిటర్ ఆవిడకి నీళ్లు మారుస్తున్నాడే తప్ప లెమ్మనలేదు. రెండు గంటలు నేనూ కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడలేదు, అయినా ఒక్కణ్నే ఉన్నానని అనిపించలేదు. ఆ ఊరు ఇచ్చేది అదే. ఒక నోట్‌బుక్ తీసుకెళ్లు, ఇంటికో ఉత్తరం రాయి.

వీసా, ఇన్సూరెన్సు లాంటివి ఎంబసీ సైట్లలో చూసుకో, అవి నేను చెప్పాల్సినవి కావు.

కానీ డిసెంబరు దాకా ఆగకు. సోమవారం తొమ్మిదిన్నరకే లేచి, నీ టీమ్‌లో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఎవరికి ఏం కావాలో కాగితం మీద రాసుకో. ఓట్ మిల్క్ ఎవరికో, చక్కెర ఎవరికి వద్దో తప్పు లేకుండా రాయి. వాళ్లు పర్సు తియ్యబోతే "నో, మై షౌట్" అను. ఒక్కడివే మోసుకురాకు, వాళ్లలో ఒకర్ని తోడు రమ్మను. లిఫ్ట్ దిగి, కాఫీ వచ్చేదాకా పది నిమిషాలు పడుతుంది. ఆయన ఊరేదో అడుగు.