‘పెహలా’ అన్న మాట గురించి

చిరంజీవికి,

నీ కథ నిన్న రాత్రి చదివాను. ఏడో పేజీలో నీ కుర్రాడు కాలేజీ మెట్ల మీద నిలబడి, ఒక్కసారే బతుకుతాం, ఒక్కసారే చస్తాం, ప్రేమ కూడా ఒక్కసారే అంటాడు చూడు, అక్కడ కాగితాలు మంచం మీద పడేసి లేచిపోయాను. తెల్లారేదాకా ఆ కోపం తగ్గలేదు.

ఆ డైలాగ్ ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు. 1998లో ‘కుఛ్ కుఛ్ హోతా హై’లో షారుఖ్ ఖాన్ అన్నది. అలా అన్న రాహులే, భార్య పోయాక, ఎనిమిదేళ్ల కూతురు పూనుకుంటే పాత స్నేహితురాలిని పెళ్లి చేసుకుంటాడు కదా! సినిమా మొత్తం ఆ మాట తప్పు అనే చూపిస్తుంది. నువ్వు దాన్ని వేదవాక్యంలా తెచ్చి పెట్టావు.

ప్రేమలో పడ్డవాడికి అది మొదటిదని తెలీదయ్యా. వాడికి ఉన్నది అదొక్కటే, ఇంక లెక్కేముంది? ‘మొదటి’ అన్నది, హిందీ పాటల్లో ‘పెహలా’ అన్నది, ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసేవాడి మాట. హిందీ సినిమా పాటల కవి మజ్రూహ్ సుల్తాన్‌పురీ 1956లో ‘సి.ఐ.డి.’కి ‘లేకే పెహలా పెహలా ప్యార్’ రాశాడు. ఆ పల్లవిలోనే ‘ఖుమార్’ కూడా ఉంది. 36 ఏళ్ల తర్వాత, 1992లో, ‘జో జీతా వహీ సికందర్’కి ‘పెహలా నషా’ రాసినప్పుడూ పెహలా, ఖుమార్ మళ్లీ పక్కపక్కనే వచ్చి కూర్చున్నాయి. తెర మీద ఆమిర్ ఖాన్ స్లో మోషన్‌లో గాల్లో తేలుతుంటాడు. మాటలు మాత్రం 1919లో పుట్టిన మజ్రూహ్‌వి, అప్పటికి డెబ్బై దాటినవాడివి. నషా అంటే మత్తు. ఖుమార్ అంటే ఆ మత్తు దిగుతున్నప్పుడు కళ్లలో మిగిలే బరువు. మత్తు సంగతి కుర్రాడూ చెప్పగలడు. ఆ బరువు సంగతి తెలియడానికి వయసు కావాలి.

ఇంకోటి. ‘సి.ఐ.డి.’లో ఆ పాట వీధిలో వచ్చేటప్పుడు దేవానంద్ పాడడు, షకీలా పాడదు. వీధిలో పాడుకునే జంట వాళ్ల తరఫున పాడుతుంది. ప్రేమించినవాళ్లు అక్కడ నోరు విప్పనే విప్పరు.

ఖుమార్ అర్థం నాకు నిఘంటువు చెప్పలేదు. 1973లో హైదరాబాద్ మలక్‌పేటలో అద్దెకుండేవాళ్లం. రేడియోలో వచ్చిన హిందీ పాటల్ని చెవికి ఎలా వినబడితే అలా తెలుగు లిపిలో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. పక్క వాటాలో అమ్మాయి ఒకరోజు ఆ పుస్తకం తిరగేస్తూ ఖుమార్ దగ్గర ఆగి, దీని అర్థం తెలుసా అంది. తెలీదన్నాను. జ్వరం తగ్గిన రోజు కళ్లు ఎలా ఉంటాయో అలా, అంది. పక్కన ఆ మాటని ఉర్దూలో రాసి ఇచ్చింది. మా మధ్య జరిగిందంతా అదే.

పదేళ్లకి దాన్ని కథ చేసి ఒక వారపత్రికకి తీసుకెళ్లాను. అప్పటికి, ప్రేమికులిద్దరూ చివర చచ్చిపోయే ‘మరో చరిత్ర’ సినిమా హిందీలో ‘ఏక్ దూజే కే లియే’ అయి దేశమంతా ఆడేసింది. ప్రతి ఎడిటర్‌కీ చివర్లో ప్రేమికుల శవాలు కావాలి. ఈయన కూడా, ఇందులో ప్రేమ ఎక్కడుందండీ, ఐ లవ్ యూ ఏది, చివర అమ్మాయిని చంపండి, పాఠకులు ఏడవాలి అన్నాడు. రెండు నెలల అద్దె బాకీ ఉంది. చంపాను. అచ్చులో జ్వరం మాట కూడా కొట్టేశారు. ఆ కథని నా సంపుటాల్లో దేన్లోనూ చేర్చలేదు. ఆ బాధ నాకు ఈరోజుకీ పోలేదు.

నువ్వు అలాంటి పని నీ చేతులతో నువ్వే చేసుకుంటున్నావు. రెండో పేజీలో ఏం రాశావో చూసుకున్నావా? ఆ అమ్మాయి జువాలజీ రికార్డులో బొమ్మలు గీస్తే, నీ కుర్రాడు పక్కన పెన్సిల్‌తో భాగాల పేర్లు రాసిపెడతాడు. ఆమె వాటి మీద ఇంకుతో దిద్దుకుంది గానీ, కింద పెన్సిల్ రాతని చెరపలేదు. ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. అది చదివి నేను చాలాసేపు పేజీ తిప్పలేదు.

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఏడో పేజీ తీసెయ్. పాట కావాలంటే గేటు పక్క టీ కొట్టులో మోగనీ. మెట్ల మీద వాళ్లిద్దరూ మాట్లాడొద్దు. రికార్డు ఆమె చేతిలో ఉండనీ.

పరీక్షలయ్యాక ఆ రికార్డు ఎవరి దగ్గర ఉండిపోయిందో నువ్వు రాయలేదు. అది రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు