కాకితో మా అమ్మ గొడవ

ప్రశ్న: వానాకాలంలో పశుపక్ష్యాదుల్ని చూస్తుంటే మన మనుషుల తీరు మీద మీకెప్పుడైనా నవ్వొచ్చిందా?

వచ్చింది, అదీ మా ఇంట్లోనే. మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నాం గానీ ఇంట్లో, వీధిలో అంతా తెలుగే.

మా మేడ మీదికి పక్కింటి వేపచెట్టు కొమ్మ ఒకటి వాలి ఉంటుంది. ఏటా ఎండలు ముదిరేసరికి కాకులు అక్కడ గూడు కడతాయి. పుల్లలతో పాటు స్లాబు పనిలో పారేసిన తీగ ముక్కలు కూడా తెచ్చి అల్లుతాయి. వానలు పడి పురుగూ పుట్రా దొరికే వేళకి పిల్లలు నోరు తెరుచుకుని ఉండాలి కదా, ఆ లెక్క వాటికి బాగా తెలుసు. ఆ లెక్క కోయిలకి ఇంకా బాగా తెలుసు. ఉగాదికి కోయిల మన కోసం కూస్తుందనుకుంటాం గానీ, మగది ఆడదాన్ని పిలుచుకుంటూ ఆషాఢం దాకా కూస్తూనే ఉంటుంది. కాకులు గుడ్లు పెట్టే రోజులూ అవే మరి. ముందటేడు మా పిట్టగోడ మీద ఒంటినిండా చుక్కలున్న కోయిలపిల్ల రెక్కలు వణికిస్తూ కూర్చుంటే, కాకి దాని నోట్లో అన్నం మెతుకులు కుక్కడం నేను కళ్లారా చూశాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, దానికి పరాయిపిల్లా ముద్దే. మా అమ్మ మాత్రం కోయిల కూస్తే ఆగి వింటుంది, కాకి అరిస్తే కర్ర తీస్తుంది.

నిరుడు రోహిణి కార్తెలో ఆవిడ వడియాలు పెట్టడానికి మేడెక్కితే కాకి నెత్తిన తన్నింది. అపశకునమని తలస్నానం చేసి, ఓ కుర్రాణ్ని పిలిపించి దోటితో గూడు లాగించేసింది. నేను వద్దన్నాను, వినలేదు. ఆ తర్వాత రెండు వారాలు అమ్మ మేడ మీద కనిపిస్తే చాలు, కాకి వచ్చి మీద పడేది. నేను వెళ్తే ఏమీ అనేది కాదు.

కప్పల సంగతి ఇంకా అన్యాయం. వాన ఆలస్యమైతే వాటికి పసుపు రాసి, కుంకం పెట్టి పెళ్లి చేస్తాం. మా ఒడియా ఇరుగుపొరుగు దాన్ని బెంగొ బాహాఘొరొ అంటారు. నిజానికి కప్పలు అరిచి వాన రప్పించవు, వాన పడితే అవే నేలలోంచి బయటకొచ్చి జోడు కోసం అరుస్తాయి. పెద్ద గోండ్రుకప్పల్లో మగవి తొలివానకి వాటంతటవే పసుపుపచ్చగా మారిపోతాయి, మనం రాయక్కర్లేదు. సరే, వాన పడ్డాక? కాలవలో బెకబెకలకి నిద్ర పట్టడం లేదని అదే వీధివాళ్లు రాళ్లు విసురుతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆ పెళ్లికొడుకుల కాళ్లనే ఒకప్పుడు మన దేశం విదేశాలకి అమ్ముకునేది, 1987లో గానీ ఆ ఎగుమతి ఆపలేదు.

మేఘం సంగతీ ఓ మాట చెప్పాలి. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు గీసిన సరిహద్దు గీతకి ఇటు మేము, అటు ఆంధ్రాలో పాతపట్నం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలికి ఆ గీత కనబడలేదు. టీవీలకి మాత్రం బాగా కనబడింది. తెలుగు ఛానెల్ పెడితే శ్రీకాకుళం, ఒడియా ఛానెల్ పెడితే మా గజపతి జిల్లా. మా మేనత్తది పాతపట్నం. ఆవిడ ఇల్లెలా ఉందో, మా ఇల్లెలా ఉందో తెలియాలంటే రెండూ మార్చి మార్చి చూడాల్సి వచ్చింది.

మళ్లీ కాకి దగ్గరకి. నిరుడే భాద్రపదంలో, మహాలయ పక్షాల్లో నాన్న తిథి. పిండం, పక్కన రెండు గారెలు ఆకులో పెట్టి పిట్టగోడ మీద ఉంచాం. సన్నగా జల్లు. కాకి ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద కూర్చుని చూస్తోంది గానీ కదలదు. అమ్మ గొడుగు పట్టుకుని పావుగంట పిలిచింది. మామూలు పిలుపు కాదు, "ఏటండీ, రారేటి? ఏం తక్కువైందండీ?" అని, అచ్చం నాన్నతో మాట్లాడినట్టే. కాకిని మీరు అనడం నేను అదే వినడం. తర్వాత నా వైపు తిరిగి, "నాన్నకి ఏ కోరిక మిగిలిపోయిందోరా" అని కళ్లు తుడుచుకుంది.

"కోరికా కాదు, ఏమీ కాదమ్మా. అది నువ్వు గూడు పీకించిన కాకి" అన్నాను.

కోపంగా చూసింది గానీ ఏమీ అనలేదు. తడిసిన చీర మార్చుకోడానికి కిందికి దిగిందో లేదో, కాకి వచ్చి వాలింది. ముందు గారె పట్టింది.

మెట్ల మీంచి అమ్మ గొంతు: "ముట్టిందేట్రా?"

"ముట్టింది. నువ్వు మాత్రం పైకి రాకు!"