పక్షవాతం వచ్చి నాలుగు నెలలే... ఇప్పుడు క్యాన్సర్ ఆపరేషన్ చేయించొచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి 64 ఏళ్లు. నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. రోజూ రక్తం పలుచన చేసే క్లోపిడోగ్రెల్ మాత్ర వేసుకుంటారు. విరేచనంలో రక్తం పడుతుంటే మాత్రల వేడి అనుకున్నాం, తర్వాత మొలలనుకున్నాం. బరంపురంలో కొలనోస్కోపీ చేస్తే మలద్వారానికి 5 సెంటీమీటర్ల పైన గడ్డ కనిపించింది. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. ఒక డాక్టరు వెంటనే ఆపరేషన్ అన్నారు, ఇంకొకరు ముందు రేడియేషన్ అన్నారు. మలం పోవడానికి పొట్టకు సంచి పెడతారని విన్న దగ్గర్నుంచి నాన్న సరిగా తినడం లేదు.

జవాబు: ముందుగా ఒక మాట. క్లోపిడోగ్రెల్‌ను మీ అంతట మీరు ఆపకండి. ఆ మాత్ర వల్ల రక్తం పడడం ఎక్కువై ఉండొచ్చు గానీ గడ్డ దానివల్ల రాలేదు. ఒక రకంగా అదే గడ్డను బయటపెట్టింది. ఆపరేషన్‌కు ముందు దాన్ని ఎన్ని రోజులు ఆపాలో, బదులుగా ఆస్పిరిన్ ఉంచాలో లేదో న్యూరాలజిస్టు, సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి.

పక్షవాతం వచ్చిన కొత్తలో పెద్ద ఆపరేషన్ చేస్తే మళ్లీ స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఎక్కువ. డెన్మార్క్‌లో దాదాపు 4.8 లక్షల ఆపరేషన్లను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో ఈ ముప్పు బాగా ఎక్కువగా ఉండి, తొమ్మిది నెలలకు ఒక స్థాయికి వచ్చి ఆగింది. అలాగని క్యాన్సర్‌ను అన్నాళ్లు ఊరికే వదిలేస్తామా? అక్కర్లేదు. ఇంత కింద ఉన్న గడ్డ పేగు గోడ దాటి పాకితే ముందు రేడియేషనే ఇస్తారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు, కీమో మాత్రలతో కలిపి. ఆ తర్వాత గడ్డ కుంచించుకోవడానికి రెండు మూడు నెలలు ఆగుతారు. లెక్క వేసుకోండి, అప్పటికి పక్షవాతం వచ్చి ఎనిమిది, తొమ్మిది నెలలవుతుంది. అందుకే నా ఓటు రెండో డాక్టరుకు. అయితే పొత్తికడుపు ఎంఆర్ఐ, ఛాతీ, కడుపు సీటీ చూశాకే ఖరారు చెయ్యాలి. వాటి సంగతి మీరు రాయలేదు. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, రిపోర్టులన్నీ తీసుకుని ఒకసారి వెళ్లండి.

ఇక సంచి. మలాన్ని ఆపే కండరానికి గడ్డ తగలకపోతే పేగును మళ్లీ కలపొచ్చు. అప్పుడు పెట్టే సంచి సాధారణంగా కొన్ని నెలలకే, తర్వాత తీసేస్తారు. కండరానికి పాకితే మాత్రం సంచి శాశ్వతం. ఇక్కడ నాదొక అభిప్రాయం. అంత కింద కలిపినవారిలో చాలామందికి విరేచనం మాటిమాటికీ, ఆగకుండా వస్తుంది. కర్రతో నడిచే మనిషి రాత్రిపూట నాలుగైదుసార్లు బాత్రూమ్‌కు పరుగెత్తలేరు. అలాంటివారికి శాశ్వత సంచే నయం కావచ్చు. ఈ విషయం నాన్నగారితోనే నేరుగా మాట్లాడండి. సంచి ఎక్కడ పెట్టాలో ముందురోజే ఆయన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి గుర్తు పెట్టించండి. పంచె ముడి పడే చోట రాకూడదు, కుడిచేత్తో అందాలి.

చిన్నపేగు నుంచి సంచి పెడితే నీరు, ఉప్పు ఎక్కువగా పోతాయి. పక్షవాతం వచ్చినవారికి ఒంట్లో నీరు తగ్గడం మంచిది కాదు. ఓఆర్ఎస్, ఉప్పు వేసిన గంజి ఇస్తుండాలి. ఫిజియోథెరపీ రేడియేషన్ రోజుల్లోనూ మానొద్దు.

ఈలోగా కడుపు ఉబ్బి, గ్యాస్ కూడా పోక, వాంతులైతే మాత్రం తొమ్మిది నెలల లెక్క పక్కన పెట్టి, ఆ రోజే సర్జన్ దగ్గరకు తీసుకెళ్లండి.